థిన్నరు డబ్బా – మన షెడ్డు, మన ఇల్లు
(సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



వార్షిక సమావేశమంటే చదువుల గురించి, స్కాలర్‌షిప్పుల గురించి, పెళ్ళి ఖర్చుల గురించి మాట్లాడుకోవడం మనకు పరిపాటి. ఈసారి మాకు అప్పగించిన విషయం కాస్త వేరు. థిన్నరు, పెట్రోలు, స్పిరిటు, టర్పెంటైను వంటి తొందరగా అంటుకునే ద్రవాలతో పనిచేసేటప్పుడు ఎలా మెలగాలి అన్నది. ఇదేదో పెద్ద ఫ్యాక్టరీల వాళ్ళ గొడవ, మనకెందుకులే అని ఎవరూ అనుకోవద్దని ముందుగా మనవి చేస్తున్నాము.

మన కుటుంబాలలో చేతిపని మీద బతికేవారు ఎందరో ఉన్నారు. 1960లలో విజయవాడలో జవహర్ ఆటోనగర్ వెలసినప్పటినుంచి మనవాళ్ళు అక్కడ లారీ బాడీలు కడుతున్నారు, టింకరింగు చేస్తున్నారు, రంగులు కొడుతున్నారు. వన్‌టౌనులో, వించిపేటలో ఫర్నిచరుకు పాలిష్ పెట్టేవారున్నారు. సోఫాలు కుట్టేవారు, చెప్పులు అతికేవారు, ప్రెస్సుల్లో రోలర్లు తుడిచేవారు, స్క్రీన్ ప్రింటింగు చేసేవారు ఉన్నారు. గుడివాడ, బందరు, తెనాలి వైపు పల్లెలనుంచి పని నేర్చుకోవడానికి వచ్చే కుర్రవాళ్ళు కూడా తక్కువేమీ కాదు. వీరందరి చేతిలోనూ పొద్దస్తమానం ఉండేది ఈ సరుకే. కనుక ఈ ప్రసంగం మన అన్నం గిన్నెకు సంబంధించినదే.

ముందుగా థిన్నరంటే ఏమిటో చూద్దాం. అది ఒకే పదార్థం కాదు. టోలుయిన్, జైలీన్, ఎసిటోన్, ఎసిటేట్లు, ఆల్కహాళ్ళు వంటివాటిని పాళ్ళు మార్చి కలిపిన మిశ్రమం. కంపెనీని బట్టి, ధరను బట్టి ఆ పాళ్ళు మారుతుంటాయి. డ్రమ్ములోంచి విడిగా కొలిచి పోసే సరుకులో ఏమేమి ఉన్నాయో అమ్మేవాడికే తెలియకపోవచ్చు. సోఫాలకు, చెప్పులకు వాడే రబ్బరు గమ్ములోనూ ఇటువంటి సాల్వెంట్లే ఉంటాయి. ఆడవాళ్ళు గోళ్ళ రంగు చెరపడానికి వాడే చిన్న సీసాలో చాలావరకు ఉండేది ఎసిటోనే. పేర్లు వేరైనా అన్నింటి నడవడీ ఒకటే.

ఆ నడవడిలో ఒక సంగతి గట్టిగా పట్టుకుంటే తక్కిన జాగ్రత్తలన్నీ సులువుగా అర్థమవుతాయి. నిప్పు అంటుకునేది డబ్బాలోని ద్రవానికి కాదు, ఆ ద్రవం మీదనుంచి లేచే ఆవిరికి. ప్రతి ద్రవానికీ ఒక వేడి హద్దు ఉంటుంది. ఆ హద్దు దాటితే చాలు, నిప్పు తగిలిన క్షణాన అంటుకునేంత ఆవిరి దానిమీద తయారుగా ఉంటుంది. దీన్నే ఫ్లాష్ పాయింటు అంటారు. టోలుయిన్‌కు ఆ హద్దు 4 డిగ్రీలు. ఎసిటోన్‌కు సున్నాకు దిగువన 18 డిగ్రీల దరిదాపు. పెట్రోలుకు సున్నాకు దిగువన 40 డిగ్రీలకు అటూ ఇటూ. అంటే సంక్రాంతి చలిలో తెల్లవారుజామున కూడా మన థిన్నరు డబ్బా అంటుకోవడానికి సిద్ధంగానే ఉంటుంది. మినరల్ టర్పెంటైనుకు హద్దు 35 నుంచి 40 డిగ్రీలు. రోహిణి కార్తెలో రోళ్ళు పగిలే మన ఊళ్ళో, రేకుల షెడ్డు కింద, ఆ హద్దు కూడా దాటిపోతుంది. చలిదేశాల్లో కొంత నిదానమైన సరుకు మన దగ్గర నిదానంగా ఉండదన్నమాట.

రెండో సంగతి, ఈ ఆవిరి గాలికంటే బరువు. టోలుయిన్ ఆవిరి గాలికి మూడు రెట్లు బరువుంటుంది. కాబట్టి అది పొగలాగా పైకి పోదు. కాలువ నీరు పల్లానికి పారినట్టు నేలవెంట పారుతుంది. సర్వీసు పిట్టులో, మురుగు తూములో, గుంటల్లో నిలుస్తుంది. కంటికి కనపడదు. అలా పారుతూ పోయి, ఎక్కడో పది ఇరవై అడుగుల అవతల వెల్డింగు రవ్వో, స్టవ్వో, గ్రైండరో తగిలితే అక్కడ అంటుకుంటుంది. అంటుకున్న మంట అదే దారిన వెనక్కి పరుగెత్తి డబ్బాను చేరుతుంది. "డబ్బా అక్కడెక్కడో ఉంది భాయ్, బీడీ ఇక్కడ తాగుతున్నా" అనే మాట మనం తరచు వింటుంటాం. దూరం మనల్ని కాపాడదని ఆ అన్నకు ఎవరైనా చెప్పాలి.

ఎంత థిన్నరైతే ప్రమాదం అని అడిగేవారికి ఒక చిన్న లెక్క చెబుతాము. గాలిలో నూటికి 1.1 పాలు టోలుయిన్ ఆవిరి చేరితే ఆ గాలి అంటుకుంటుంది. ఒక లీటరు టోలుయిన్ పూర్తిగా ఆరిపోతే సుమారు 230 లీటర్ల ఆవిరి అవుతుంది. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు ఉన్న గది గాలి మొత్తాన్ని ఆ హద్దు దగ్గరికి తీసుకురావడానికి ఇంచుమించు ఆ ఒక్క లీటరే చాలు. ఆవిరి నేలనంటి ఉంటుంది కనుక గది కింది భాగంలో అంతకన్నా ముందే, తక్కువ సరుకుతోనే ఆ స్థితి వస్తుంది. తలుపులు వేసుకుని గదిలో బీరువాకు పాలిష్ పెట్టడం, దుమ్ము పడుతుందని పరదాలు దించి లోపల కారుకు రంగు కొట్టడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు.

ఈ లెక్కలు కాగితం మీదివే అనుకోవద్దు. 2024 ఆగస్టు 21న అనకాపల్లి జిల్లా అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా ఫార్మా కర్మాగారంలో 17 మంది ప్రాణాలు పోయాయి. మిథైల్ టెర్షరీ బ్యూటైల్ ఈథర్ అనే సాల్వెంటు లీకై, దాని ఆవిరి భవనంలో కమ్ముకుని, ఎలక్ట్రికల్ ప్యానెల్ దగ్గర నిప్పు అందుకుని పేలింది. అక్కడ ఇంజనీర్లున్నారు, చదువుకున్న కెమిస్టులున్నారు, పైపులు, మీటర్లు అన్నీ ఉన్నాయి. అలాంటి చోటనే ఆవిరి అంత పని చేసినప్పుడు, ఒక ఫ్యాను, ఒక బల్బు ఉన్న మన షెడ్డు సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక దుర్ఘటన మనకు మరీ దగ్గరిది. 2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లి బజార్‌ఘాట్‌లో ఒక అపార్టుమెంటు అంటుకుంది. కింది అంతస్తులో రసాయనాల డ్రమ్ములు నిల్వ చేశారు, పైన కుటుంబాలు కాపురముంటున్నాయి. తొమ్మిదిమంది చనిపోయారు. వారికి ఆ డ్రమ్ములతో గానీ, ఆ వ్యాపారంతో గానీ ఏ సంబంధమూ లేదు. ఇంట్లో ఉన్నారు, అంతే. కింద మంట లేస్తే మెట్లదారే పొగగొట్టం అవుతుంది. పైవాళ్ళు దిగి రావలసిన దారి కూడా అదొక్కటే. ఇరుకు సందుల్లో, మేడమీద మేడ కట్టుకున్న మన వన్‌టౌను ఇళ్ళను తలుచుకుంటే ఈ సంగతి తేలిగ్గా కొట్టివేయలేము.

అందువల్ల మొదటి విన్నపం ఇళ్ళను గురించి. మంచం కింద, మెట్ల కింద, వంటింటి అటక మీద థిన్నరు, గమ్ము, పెట్రోలు డబ్బాలు ఉంచవద్దు. "షెడ్డులో దొంగలు పోతారు, ఇంట్లో ఐతే భద్రం" అని తెచ్చిపెట్టుకునేవారున్నారు. దొంగ పోతే డబ్బా పోతుంది. నిప్పు పడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. చట్టం కూడా ఇక్కడ ఒక గీత గీసింది. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం పెట్రోలు, థిన్నరు తరగతి సరుకు అమ్మకానికి కాక సొంత వాడకానికైతే మొత్తం 30 లీటర్ల దాకా లైసెన్సు లేకుండా ఉంచుకోవచ్చు. అదీ గట్టి మూత ఉన్న పాత్రల్లో. గాజు సీసా అయితే లీటరుకు, ఇనుప డబ్బా అయితే 25 లీటర్లకు మించకూడదు. ఇది హద్దే గాని, అంతా తెచ్చి ఇంట్లో పెట్టుకోమని కాదు. ఏ రోజు పనికి కావలసినంత ఆ రోజు తెచ్చుకోవడం ఉత్తమం. షెడ్డులో కూడా పనిచేసే చోటికి ఒక చిన్న డబ్బా మాత్రం తెచ్చుకుని, తక్కినది బయట నీడలో, తాళం వేసిన ఇనుప పెట్టెలో ఉంచాలి. నీళ్ళ సీసాల్లో, కూల్‌డ్రింకు సీసాల్లో మాత్రం ఎన్నడూ పోయరాదు. దాహం వేసిన పిల్లవాడు ఎత్తి తాగుతాడు.

రెండో విన్నపం మూతను గురించి. బ్రష్షు ముంచి ముంచి తీస్తుండటాన డబ్బా మూత రోజంతా తెరిచే ఉంటుంది. మూత వేసిన డబ్బాకూ తెరిచిన డబ్బాకూ ఉన్న తేడా ఆవిరే. పైగా తెరిచి ఉంచితే సరుకు ఊరికే ఆరిపోతుంది, డబ్బూ నష్టం. థిన్నరు తుడిచిన గుడ్డలు, వేస్టు దూది మూలన కుప్ప పోయకూడదు. వాటిని మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయాలి. అవిసెనూనె కలిసిన పాలిష్ గుడ్డలైతే మరీ ప్రమాదం. కుప్పగా పడి ఉంటే తమలో తామే వేడెక్కి, ఏ నిప్పూ తగలకుండానే రాత్రివేళ అంటుకుంటాయి. వాటిని నీళ్ళలో తడిపి ఉంచాలి, లేదా ఆరుబయట విడివిడిగా ఆరవేయాలి.

మూడోది ఖాళీ డ్రమ్ము. ఇది వెల్డింగు చేసే సోదరులు జాగ్రత్తగా వినవలసిన మాట. నిండు డ్రమ్ముకంటే ఖాళీ డ్రమ్ము ప్రమాదం. రెండువందల లీటర్ల డ్రమ్ములో రెండు టీ చెంచాల టోలుయిన్ మిగిలి ఆవిరైతే చాలు, ఆ డ్రమ్ము బాంబు వంటిదే. చూస్తే పొడిగా ఉంటుంది, వాసన కూడా అంతగా ఉండకపోవచ్చు. దానిమీద కటింగు టార్చి పెట్టినా, గ్రైండరు ఆనించినా మూత ఎగిరి మనిషిని కొడుతుంది. పెట్రోలు ట్యాంకులు, ఆయిలు ట్యాంకర్లు మరమ్మతుకు వచ్చినప్పుడూ ఇదే సంగతి. ఒకసారి నీళ్ళు పోసి కడిగితే సరిపోదు. ఆవిరి పట్టించి లోపలంతా శుభ్రం చేసి, గ్యాసు లేదని మీటరుతో పరీక్షించి, అప్పుడే నిప్పు ముట్టించాలి. ఆ సదుపాయం లేనివారు ఆ పని ఒప్పుకోకపోవడమే మంచిది. బేరం పోతుందని బాధపడవద్దు. అలాగే ట్యాంకులో దిగిన మనిషి స్పృహ తప్పితే, కాపాడదామని వెంటనే ఇంకొకరు దిగరాదు. బయటనుంచి తాడుతో లాగాలి, లేదా ఫైరు వాళ్ళను పిలవాలి. లేకపోతే ఒకరు పోయేచోట ముగ్గురు పోతారు.

నాలుగోది కంటికి కనపడని నిప్పు. నైలాను, పాలియెస్టరు బట్టలు ఒంటికి రాసుకున్నప్పుడు చిటచిటలాడటం అందరూ ఎరిగినదే. ఆ చిన్న రవ్వ థిన్నరు ఆవిరిని అంటించడానికి చాలు. ప్లాస్టిక్ డబ్బాలోంచి ప్లాస్టిక్ గరాటులో ధారగా పోసినప్పుడు కూడా అటువంటి విద్యుత్తు పుడుతుంది. అందుకని పనిలో నూలు బట్టలు వేసుకోవాలి. ఇనుప డబ్బాలోంచి ఇనుప డబ్బాలోకి, రెండు మూతులూ ఆనించి నెమ్మదిగా పోయాలి. పెద్ద డ్రమ్ములోంచి తీసేటప్పుడు రెండింటినీ రాగితీగతో కలిపి, డ్రమ్మును ఎర్తింగుకు కట్టాలి. ఘాటుగా వాసన కొడుతున్న గదిలో స్విచ్చు వేయకూడదు, తీయకూడదు. తలుపులు, కిటికీలు తెరిచి బయటికి రావాలి. వంటగ్యాసు లీకైనప్పుడు మన ఆడవాళ్ళు చేసేది కూడా ఇదే, వాళ్ళకు ఇది తెలుసు. షెడ్డులో మగవాళ్ళు కూడా నేర్చుకోవాలి.

ఇంత జాగ్రత్తపడినా నిప్పు లేచిందనుకుందాం. మనకు వెంటనే తోచేది బక్కెటుతో నీళ్ళు పోయడం. టోలుయిన్, పెట్రోలు, టర్పెంటైను నీళ్ళకంటే తేలిక. నీళ్ళు పోస్తే అవి పైకి తేలి, మంటతో సహా నీళ్ళు పారిన చోటికల్లా పారతాయి. ఇసుక బక్కెట్లు, డ్రై పౌడరు లేదా ఫోము సిలిండరు షెడ్డు గుమ్మం పక్కన ఉండాలి, లోపలి మూలన కాదు. మంట చిన్నదైతేనే ఆర్పే ప్రయత్నం చేయాలి, వెనుక దారి చూసుకుని చేయాలి. లేకుంటే అందరినీ బయటికి పంపి 101కి గాని 112కి గాని ఫోను చేయాలి. ఇదే కారణంగా వరదలప్పుడు మరో జాగ్రత్త ఉంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్ నగర్, రాజరాజేశ్వరిపేట ఎలా మునిగాయో మనకందరికీ గుర్తే. నీళ్ళు వస్తే డ్రమ్ములు తేలతాయి, మూతలు ఊడితే సరుకు నీటిమీద పరుచుకుంటుంది. వరద కబురు వినగానే సామానుతోపాటు ఈ డబ్బాలకు మూతలు బిగించి ఎత్తైన చోటికి చేర్చాలి. అలా వాసన వేసే నీళ్ళ దగ్గర కొవ్వొత్తి గాని, అగ్గిపుల్ల గాని వెలిగించరాదు.

ఇక నిప్పు లేకపోయినా ఆవిరి చేసే కీడు వేరే ఉంది. 2020 మే 7 తెల్లవారుజామున విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్.జి. పాలిమర్స్ ట్యాంకునుంచి స్టైరీన్ ఆవిరి ఊరిమీద పడి 12 మంది చనిపోయారు. అక్కడ మంట లేవలేదు, నిద్రలో ఉన్నవాళ్ళను ఆవిరే కమ్మేసింది. మన షెడ్లలో అంత ఒక్కసారిగా జరగదు, కొద్దికొద్దిగా జరుగుతుంది. సాయంత్రానికి తలనొప్పి, కళ్ళు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, అన్నం సయించకపోవడం. ఏళ్ళ తరబడి పీలిస్తే నరాలు, జ్ఞాపకశక్తి, వినికిడి కూడా దెబ్బతింటాయి. గర్భిణులు ఈ గాలికి దూరంగా ఉండాలి. 1960లలో జపానులో చెప్పులు అతికే పనివాళ్ళకు కాళ్ళూ చేతులూ తిమ్మిరెక్కి, పట్టు తప్పి, నడవలేని స్థితి వచ్చింది. గమ్ములోని హెక్సేన్ అనే సాల్వెంటే దానికి కారణమని తేలింది. వాళ్ళు పనిచేసినవి కూడా మనవంటి చిన్న చిన్న గదులే.

ముక్కుకు రుమాలు కట్టుకున్నాం కదా అంటారు. రుమాలు దుమ్మును కొంత ఆపుతుంది. ఆవిరిని ఏమాత్రం ఆపదు. కరోనా రోజుల్లో వాడిన మాస్కు కూడా అంతే. బొగ్గు నింపిన క్యాట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి, ఆ క్యాట్రిడ్జిని కూడా ఎప్పటికప్పుడు మార్చాలి. అన్నింటికంటే మేలైనది గాలి వచ్చే చోట పనిచేయడం, గాలి వీపు వైపునుంచి వచ్చేలా నిలబడటం. చేతుల రంగు థిన్నరుతో కడుక్కోవడం మనవాళ్ళకు అలవాటు. దానివల్ల చర్మం పగులుతుంది, సరుకు ఒంట్లోకి ఇంకుతుంది. కొబ్బరినూనె రాసి తుడిచి, తరువాత సబ్బుతో కడుక్కుంటే రంగు పోతుంది. పైపు నోట్లో పెట్టి పెట్రోలు లాగడం ఇకనైనా మానాలి. ఒక్క గుక్క ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణం మీదికి వస్తుంది. ఎవరైనా పొరపాటున మింగితే వాంతి చేయించవద్దు, ఉప్పునీళ్ళు తాగించవద్దు, నేరుగా ఆసుపత్రికి తీసుకుపోవాలి. కంట్లో పడితే పావుగంటసేపు మంచినీళ్ళతో కడగాలి. ఒళ్ళు కాలితే పారే నీటికింద ఇరవై నిమిషాలు ఉంచి, శుభ్రమైన బట్ట కప్పి 108ని పిలవాలి. సిరా, టూత్‌పేస్టు, దోసెపిండి పూయడం ఏమాత్రం తగదు.

"ముప్పై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నాం, ఏమైంది?" అని అడిగే ఉస్తాదులు మన మధ్య ఉన్నారు. వారి పనితనం ముందు మేము తలవంచుతాము. ఐతే ముప్పై ఏళ్ళూ ఆవిరి లేచిన చోటికి నిప్పు రాలేదు, అంతే. అది వారి అదృష్టం. షెడ్డులో కొత్తగా చేరిన కుర్రవాడికి ఆ అదృష్టాన్ని వారసత్వంగా ఇవ్వలేము గదా! మండే పదార్థాల పనిలో 18 ఏళ్ళు నిండనివారిని పెట్టరాదని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చెబుతోంది. చదువు మానేసిన పిల్లవాడు ఊరికే తిరగడంకన్నా పని నేర్చుకుంటే మేలని తల్లిదండ్రులు పంపుతారు. వారి బాధ మాకు తెలుసు. కానీ షెడ్డులో థిన్నరు డబ్బా మోసేది, గన్ను కడిగేది, వేస్టు గుడ్డలు ఏరేది ఎప్పుడూ ఆ చిన్నవాడే. అందరికంటే ఎక్కువగా పీల్చేదీ వాడే, "ఎందుకు?" అని అడగలేనిదీ వాడే. 18 నిండేదాకా వాడికి ఐ.టి.ఐ.లోనో, నిప్పుతో సంబంధం లేని మరో పనిలోనో చోటు చూపడం పెద్దల బాధ్యత.

చివరగా మూడు పనులు కోరుతున్నాము. ఇవాళ ఇంటికి వెళ్ళగానే మంచం కిందా, మెట్ల కిందా చూడండి, డబ్బాలుంటే బయటికి తీయండి. రేపు షెడ్డుకు వెళ్ళగానే ఒక ఇసుక బక్కెటు, మూత ఉన్న ఒక ఇనుప డబ్బా ఏర్పాటు చేయండి. రెండింటికీ కలిపి అయ్యే ఖర్చు పెద్దదేమీ కాదు. ఆపైన, ఈ పని చేసే సోదరులు నలుగురైదుగురు కలిసి ఒక్కో వీధికి ఒక మంచి సిలిండరు కొనుక్కుని, దాన్ని ఎలా వాడాలో అగ్నిమాపక శాఖవారిని పిలిచి నేర్చుకోండి. తల్లులకు, చెల్లెళ్ళకు ఒక మాట. మీ ఇంటి మనిషి రోజూ సాయంత్రం తలనొప్పి అంటూ వస్తుంటే టీ ఇచ్చి ఊరుకోకండి. ఇవాళ ఏ గదిలో పనిచేశావు, తలుపులు తీసి ఉన్నాయా అని అడగండి. ఆ ప్రశ్న అడగగలిగింది మీరే.